అడ్డగీత

మా ఆఫీసులో నా ఐడీ నంబరు 1-17. కంపెనీ పెట్టిన కొత్తలో చేరిన నలభై మందికే ఆ మధ్యలో గీత ఉంటుంది. తర్వాత వచ్చిన నాలుగు వేల మందివీ వట్టి అంకెలే. కొత్తవాళ్లెవరైనా ఎదురైతే కార్డు చొక్కా మీదికి తీసి వేసుకునేవాణ్ణి. గొప్పే మరి.

2024 జూన్ 30తో మా సర్వర్లు నడిచే ఓఎస్ సెంటాస్ 7కి నూకలు చెల్లాయి. ఇక ప్యాచ్‌లు రావు, సర్వర్లన్నీ మార్చాల్సిందే. దేనికి మార్చాలన్న దాని మీదే రెండు నెలలు మీటింగులు నడిచాయి. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 కాస్తా 2021 డిసెంబరుతోనే ఆగిపోవడం చూశాక ఎవరికీ ఓ పట్టాన నమ్మకం కుదరదు కదా. చివరికి రాకీ లినక్స్ 8 అనుకున్నాం. ఆ నిర్ణయమూ, ఆ తర్వాత టెస్టింగూ నా చేతి మీదుగానే జరిగాయి.

స్టేజింగ్‌లో మూడు వారాలు పరీక్షించాం. జీతాలు, హాజరు, గేటు కార్డులు, అన్నీ పచ్చటి టిక్కులే. రేపు రాత్రి ప్రొడక్షన్ అనగా, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చింది.

"సార్, ఒక్క నిమిషం ఇది చూడండి."

రెండే లైన్లున్న ఫైలు. ఒకదాంట్లో 1-1, ఇంకోదాంట్లో 11. పాత సర్వర్లో సార్ట్ కొట్టింది. 11 ముందొచ్చింది. కొత్త దాంట్లో కొట్టింది. 1-1 ముందొచ్చింది.

"అయితే ఏంటమ్మా?"

"ఓఎస్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీ 2.17 నుంచి 2.28కి వెళ్తున్నాం కదా సార్, వరస పెట్టే పద్ధతి మారిపోయింది. మన డేటాబేసు ఇండెక్సులు పాత వరసలో కట్టినవి. కొత్త ఓఎస్ కొత్త వరస ప్రకారం వెతుకుతుంది. నంబరు ఉన్నది ఓ చోట, ఇది వెతికేది ఇంకో చోట. దొరకదు."

"మరి స్టేజింగ్‌లో దొరికిందిగా?"

"అక్కడ డంప్ తీసి కొత్తగా లోడ్ చేశాం సార్. ఇండెక్సులు కొత్త ఓఎస్ మీదే తయారయ్యాయి. ప్రొడక్షన్‌లో పాత డేటా డిస్కునే యథాతథంగా తగిలిస్తున్నాం. అన్నీ రీఇండెక్స్ చేస్తే చాలు. రెండు గంటలు పడుతుంది."

నాకు ఇచ్చిన డౌన్‌టైమే మూడు గంటలు. పైగా అప్రూవల్ మెయిల్ వెళ్లిపోయింది. ఇప్పుడు మళ్లీ పైవాళ్ల దగ్గరికెళ్లి ఇంకో రెండు గంటలు అడుక్కోవాలా?

"ఒక గీత కోసం మైగ్రేషన్ ఆపుతామా తల్లీ? వెళ్లి పడుకో, రేపు నైట్ డ్యూటీ ఉంది" అన్నాను. టీమంతా నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది గానీ, ల్యాప్‌టాప్ మూయడానికి కాస్త ఆలస్యం చేసింది.

అనుకున్న రాత్రి పని నలభై నిమిషాల ముందే అయిపోయింది. "విజయవంతంగా పూర్తయింది" అని అందరికీ మెయిల్ కొట్టి, తెల్లారుజామున ఇంటికెళ్లి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పదింటికి మళ్లీ ఆఫీసుకొచ్చాను.

గేటు దగ్గర కార్డు పెట్టాను. ఎర్ర లైటు. తుడిచి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటే.

సెక్యూరిటీ అతను కొత్తవాడు. నంబరు చూసి కంప్యూటర్లో టైపు చేశాడు.

"ఈ నంబరుతో ఎవరూ లేరు సార్."

"ఎవరూ లేకపోవడమేంటయ్యా? పదహారేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను!"

"సిస్టమ్‌లో లేరు సార్. లోపలివాళ్లెవరైనా వచ్చి విజిటర్ పుస్తకంలో రాస్తే పంపిస్తా."

నా వెనక లైను పెరుగుతోంది. వట్టి అంకెల వాళ్లంతా కార్డు చూపించి టింగుమని లోపలికి పోతున్నారు. అంతలో ఆ అమ్మాయి రాత్రి డ్యూటీ ముగించుకుని బయటికొస్తూ నన్ను చూసి ఆగింది. ఏమీ అడగలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని నా పేరు రాసింది. 'ఎవరి కోసం' అన్న చోట తన పేరు రాసుకుంది. 'ఏ పని మీద' అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో రాసింది:

"రీఇండెక్స్."