చీటీ వెనక నంబరు

2019 మాట. ధర్మవరంలో మగ్గం నేసే మా చిన్నాయన పది పట్టుచీరలు మూటగట్టుకుని పాత మారుతీ వ్యానులో బెంగళూరు చిక్కపేటకు పోయాడు. ఏడింటిని షావుకారు అప్పుమీద తీసుకున్నాడు, మూడు తిరిగొచ్చాయి. అర్ధరాత్రి పెనుకొండ దగ్గర పడుతుండగా 44వ నంబరు హైవేమీద బండి మొరాయించింది.

కల్వర్టు గోడమీద ఎర్రరంగుతో 'క్రేన్ 24 గంటలు' అని రాసుంది. అక్కడ సిగ్నల్ లేదు. జేబులో చేతికి తగిలిన చీటీ వెనక ఆ నంబరు రాసుకుని, గట్టెక్కి ఫోన్ చేశాడు.

"ఎంత లెక్కయితాదప్పా?"

"ముందు బండి లాగనీన్నా, లెక్క తర్వాత చూసుకుందాం."

పెనుకొండ పక్కనే ఉన్నా హిందూపురం షెడ్డుదాకా లాక్కుపోయారు. దించినాక తొమ్మిది వేలన్నారు. బిల్లు లేదు. లెక్క కడితేనే తాళమన్నారు. చిన్నాయన గోరింటరంగు చీర ఒకటి తాకట్టు పెట్టి బండి విడిపించుకున్నాడు. చిన్నమ్మా ఆయనా వారంపాటు కూర్చుని నేసిన చీర అది.

మరునాడు నేను పోయి నిలదీశాను. "మీరు పిలిస్తేనే వచ్చినాం. ఏ రూలు తప్పినాం?" అన్నాడు షెడ్డాయన. నాకు నోరు పెగల్లేదు. దారికి అడ్డంగా ఉన్న బండిని ప్రభుత్వం అనుమతించిన ఏజెన్సీ తొలగిస్తే ఖర్చు యజమానిదేనని మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్ చెబుతుంది. మనం పిలిచిన ప్రైవేటు క్రేన్ కిలోమీటరుకు ఎంత తీసుకోవాలో ఆ చట్టంలో లేదు.

ఇంటికొచ్చాక చిన్నాయన ఆ చీటీ నా చేతిలో పెట్టాడు. "ఈ నంబరుకు ఎవురూ ఫోన్ చెయ్యాకండని అందరికీ చెప్పు నాయనా."

చీటీ తిప్పి చూశాను. బాగేపల్లి టోల్‌గేటు రసీదు. కట్టిన డబ్బు కింద సన్నటి ఇంగ్లీషు అచ్చులో 'అత్యవసర సహాయానికి 1033' అని ఉంది. హైవేమీద ఆగిన బండిని పక్కకు చేర్చడానికి క్రేన్ పంపే జాతీయ రహదారుల సంస్థ నంబరది.

చిన్నాయనకు తెలుగు తప్ప రాదు. ఆ సాయానికి ఆయన టోల్‌గేటులోనే డబ్బు కట్టేశాడు.

ఇప్పుడు ఫాస్టాగ్ వచ్చి ఆ చీటీ కూడా చేతికి రావడం లేదు. క్రేన్‌కు రేటూ బిల్లూ తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం రూలు తేవాలి. అది వచ్చేదాకా 1033ని మీ ఫోన్‌లో దాచుకోండి, మీ ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్ల ఫోన్‌లో కూడా.