25 డిగ్రీల వైభోగం

పెళ్లినాడు నేను అల్లుడి కాళ్లు కడిగాను. ఇత్తడి పళ్లెంలో ఆయన పాదాలు పెట్టించి, మా ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తుంటే శ్రద్ధగా కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నాను. ఆరేళ్ల తర్వాత జపాన్‌లో, గున్మా కొండల మధ్య కుసాత్సు అనే ఊళ్లో, అదే అల్లుడు నా వెనక చిన్న పీట మీద కూచుని, "మామయ్యా, వీపు రుద్దమంటారా?" అని అడిగాడు. ఆ సమయానికి మా ఇద్దరి ఒంటి మీది బట్టల లెక్క: ఆయనకు సున్నా, నాకు ఒక మొలతాడు.

మొలతాడును బట్టల్లో కలపడం మీకు ఒప్పుదల కాకపోవచ్చు. మొలతాడు ఉన్నంతసేపు మగవాడు దిగంబరుడు కాడని మా నాయనమ్మ అనేది. ఆ ఒక్క మాటను పట్టుకునే స్నానశాల నీలం తెర దాటాను. నీలం తెర మగవాళ్లకు, ఎరుపు తెర ఆడవాళ్లకు. తెరకు ఇవతల అందరూ మర్యాదస్తులు, అవతల అందరూ పసిపిల్లలు.

నారాయణఖేడ్ సర్కారు బడిలో సైన్సు సారుగా రిటైరైనవాణ్ణి నేను. మా తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది, తర్వాత మెదక్‌లోకి వచ్చింది, ఇప్పుడు సంగారెడ్డి అంటున్నారు. జిల్లా ఏదైనా పుణ్యస్నానాలకు మేం పోయే తొవ్వలు మాత్రం మారలేదు. బీదర్ ఝరణీ నరసింహస్వామి గుహలో ఛాతీ లోతు నీళ్లలో, మీద గబ్బిలాలు వేలాడుతుంటే, చిన్నప్పుడు నన్ను మా నాయన భుజాల మీద కూచోబెట్టుకుని తీసుకుపోయాడు. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుండం ఉంది. కుపేంద్రుడనే రాజుకు ఒంటి నిండా చర్మరోగం ఉంటే అక్కడి నీళ్లలో మునిగేసరికి మాయమైందని కథ. కాబట్టి నీళ్లతో జబ్బులు పోతాయంటే మాకు కొత్త ఏమీ కాదు. అయితే ఆ రాజుగారు కూడా పంచెతోనే మునిగి ఉంటాడని నా నమ్మకం. నీళ్లలో బట్టల్లేకుండా దిగితే ఏమవుతుందో గోపికలకు కృష్ణుడు చెప్పిన పాఠం మనవాళ్లు వెయ్యేళ్లుగా మరచిపోలేదు.

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న బిడ్డా అల్లుడూ మమ్మల్ని పిలిపించుకుని, "ఆకులు ఎర్రబడే కాలం, ఒక రాత్రి రియోకాన్‌లో ఉందాం" అన్నారు. రియోకాన్ అంటే వాళ్ల పాతకాలపు సత్రం. సత్రం అనగానే నాకు యాదగిరిగుట్ట గదులూ నూరు రూపాయల అడ్వాన్సూ గుర్తొచ్చి ధైర్యంగా సరేనన్నాను. కిరాయి గదికి కాదట, మనిషికట. రెండు పూటల భోజనం కలిపి తలకింత అని లెక్క. ఎంతో మా బిడ్డ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వ్యాసం మీకు దక్కేది కాదు.

ఉయెనో స్టేషన్‌లో రైలెక్కి, నాగనొహరా కుసాత్సుగుచి అనే నోరు తిరగని స్టేషన్‌లో దిగి, బస్సులో కొండెక్కాం. పన్నెండు వందల మీటర్ల ఎత్తు. కిటికీ బయట కొండంతా ఎరుపు, పసుపు, ఇటుకరంగు. బస్సులో ఉన్నవాళ్లంతా నిశ్శబ్దంగా, గుడిలో నిలబడ్డట్టు చూస్తున్నారు. మా ఆవిడ గొంతు తగ్గించకుండా అంది: "ఏందిది, చెట్లన్నీ ఎండుకపోతున్నయ్. ఎవ్వలు నీళ్లు పొయ్యరా?"

నవ్వాను గాని ఆమె తప్పు లేదు. మాకు ఆకు విలువ దసరానాడు తెలుస్తుంది. జమ్మి ఆకు పచ్చగా ఉండాలి. దాన్ని బంగారమని చేతిలో పెట్టి అలాయి బలాయి తీసుకుంటాం. వారం కింద నారాయణఖేడ్‌లో పచ్చటి ఆకును బంగారమన్న మనిషి, రాలిపోయే ఆకును చూడ్డానికి టికెట్ ఎందుకు కొంటుంది?

ఊరి మధ్యలో యుబతకె ఉంది. ఆ మాటకు వేడినీళ్ల చేను అని అర్థమట. చెక్క కాలువల్లో పొగలు కక్కుతూ నీళ్లు పారుతుంటాయి, కుళ్లిన గుడ్డు వాసన, అడుగున పసుపుపచ్చ గంధకం. మా దిక్కు చేనుకు నీళ్లుండవు. వాళ్లకు నీళ్లకే చేను ఉంది. ఈ ఊళ్లో భూమిలోంచి తనంతట తాను పొంగే వేడినీళ్లు నిమిషానికి 32,300 లీటర్లని అల్లుడు చెబితే నాకు తెలిసిన కొలతలోకి మార్చుకున్నాను. మా వీధికి ఎండాకాలంలో వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లది. అంటే నిమిషానికి ఆరున్నర ట్యాంకర్లు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి, వరస కోసం కొట్లాడిన మనిషికి ఈ లెక్క తల తిరగడానికి సరిపోతుంది.

సత్రంలో చెప్పుల కథ మీకు జపాన్ వెళ్లొచ్చిన ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది వదిలేస్తాను. యుకత సంగతి చెబుతాను. అది నూలు అంగీ, లుంగీ రెండూ కలిసిన ఒక బట్ట. గుండీలుండవు, నడుముకు పట్టీ కట్టుకోవాలి. లుంగీ కట్టడంలో నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నాకొకరు చెప్పాలా అని కట్టేసుకుని వరండాలోకి వచ్చాను. టీ తెచ్చిన పెద్దావిడ నన్ను చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత ఎన్నోసార్లు క్షమాపణలు చెప్పుకుంటూ, నా పట్టీ విప్పి, అంచులు అటువి ఇటు మార్చి మళ్లీ కట్టింది. ఎడమ అంచు పైకి రావాలట. కుడి అంచు పైకి వచ్చేట్టు కట్టేది శవానికి మాత్రమేనట.

ఇక స్నానం. ముందు పీట మీద కూచుని, చెక్క తొట్టితో నీళ్లు పోసుకుని, సబ్బుతో ఒళ్లంతా తోముకుని కడుక్కోవాలి. పీట, నీళ్లు ముంచి పోసుకోవడం, వీపు రుద్దే మనిషి అన్నీ చూస్తే ఇది మా ఇంటి పెరట్లో గోలెం దగ్గర చేసే స్నానమే. అది అయిపోతే మన దగ్గర తల తుడుచుకుని బయటికొస్తాం. వాళ్లకు అక్కడ అసలు కథ మొదలవుతుంది. స్నానం చేసినవాళ్లకే స్నానానికి అర్హత. చేతికిచ్చిన తువ్వాల మన దస్తీకి అన్నలాంటిది. దాన్ని దేనికి అడ్డం పెట్టుకోవాలో నిర్ణయించుకోలేక సతమతమవుతుంటే, నీళ్లలోకి అది రాకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోండన్నారు. శరీరంలో ఎన్నో చోట్లుండగా నెత్తిని దాచుకోవడంలోని ఆంతర్యం నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

కళ్లద్దాలు తీసేశాక నాకు ఎవరూ కనిపించలేదు. కాబట్టి నేనూ ఎవరికీ కనిపించడం లేదనుకున్నాను. పెద్దల ముందు కాలు మీద కాలు వెయ్యని అల్లుడూ, అల్లుణ్ణి ఇన్నేళ్లుగా మీరు అనే పిలిచే మామా, పక్కపక్కన మెడ దాకా మునిగి ఆకాశం వంక చూస్తూ కూచున్నాం. పొద్దున గడ్డం గీసుకుని రావడం ఎంత పొరపాటో దిగిన అర నిమిషంలో తెలిసింది. కుసాత్సు నీళ్ల పీహెచ్ రెండు చిల్లర. నిమ్మరసమంత పులుపు. పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ ముప్పై ఏళ్లు చెప్పాను గాని ఆమ్లంలో కూచోవడం అదే మొదలు.

మాటలు కలపడానికి అల్లుడు, "బయట గదిలో గోడకు ఫ్రేము కట్టి ఉంది చూశారా మామయ్యా, అది ఈ నీళ్ల పరీక్ష కాయితం. అందరికీ కనిపించేట్టు పెట్టాలి, లేకపోతే చట్టం ఒప్పుకోదు" అన్నాడు.

"స్నానానికి చట్టమా?"

ఉందట. 1948లో చేశారట. యుద్ధంలో ఓడి, పట్నాలు కాలి బూడిదై, తిండికి వెతుక్కుంటున్న దేశం తీరిక చేసుకుని వేడినీళ్ల బుగ్గకు నిర్వచనం రాసుకుంది. నాకు ఆ జాతి మీద అక్కడికక్కడే గౌరవం పుట్టింది. నిర్వచనం ఏమిటన్నాను. నేలలోంచి బయటికొచ్చే చోట నీళ్లు 25 డిగ్రీలుంటే చాలు, అది ఒన్సెన్. అంత వేడి లేకపోయినా చిట్టాలో ఉన్న 19 పదార్థాల్లో ఏ ఒక్కటి చెప్పినంత ఉన్నా ఒన్సెనే అన్నాడు.

"ఎంత? 25?"

లోతు నీళ్లకు ఆ చోటి ఏడాది సగటు వేడి కాస్త అటూ ఇటూగా ఉంటుందని తొమ్మిదో తరగతికి నేనే చెప్పేవాణ్ణి. జపాన్‌లో ఆ సగటు తక్కువ. అందుకని 25 అంటే వాళ్లకు భూమాత ప్రత్యేకంగా కాచి ఇచ్చినట్టు. మా సగటే 25 దాటుతుంది! అంటే మా బోరు, పక్కింటి బోరు, మార్కెట్ యార్డు బోరు, చౌరస్తాలో బోరింగు, అన్నీ జపాన్ చట్టం ప్రకారం ఒన్సెన్లే. నారాయణఖేడ్ మొత్తం ఒక తీర్థం. ఆ ఆనందంలో ఎక్కడున్నానో మరచి, "అల్లుడుగారూ, మనది కూడా ఒన్సెనే!" అంటూ లేచి నిలబడ్డాను.

ఎదురుగా ఉన్న ఇద్దరు ముసలాయనలు ఎంతో మర్యాదగా తలలు తిప్పుకుని, మేపుల్ చెట్టు ఆకుల్ని చూడసాగారు.

కూచున్నాక ఆ 19 పదార్థాలేమిటో అడిగాను. గంధకం, ఇనుము, ఇంకా ఏవేవో. వాటిలో ఫ్లోరైడు కూడా ఉంది, కిలో నీటికి రెండు మిల్లీగ్రాములు. మన దగ్గర లీటరుకు ఒకటిన్నర దాటితే తాగడానికి పనికిరావంటారు. ఆ ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఎముకలు వంగిపోయిన మనుషుల ఊళ్ల నీళ్లు ఆ చిట్టాలో తీర్థమై నిలబడ్డాయి. ఆ మాట మీద మామా అల్లుళ్లం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఎరుపు తెర అవతలి కథ మా బిడ్డ తర్వాత చెప్పింది. మా ఆవిడ ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది, తులసికోట, నాలుగు చుక్కలు. పదేళ్లప్పుడు జాతరలో వాళ్ల అవ్వ పొడిపించింది. ఆ దేశంలో పచ్చబొట్లు ముఠా రౌడీల గుర్తు కాబట్టి చాలా స్నానశాలల్లోకి రానివ్వరు. మా బిడ్డ దాని మీద చర్మం రంగు పట్టీ అంటించింది. "మా అవ్వ పెట్టించిన తులసికోటకు నన్ను గూండా అంటరా?" అని మా ఆవిడ నీళ్లలో దిగేదాకా అడుగుతూనే ఉందట. కాని ఆ కోపం మెట్టెల ముందు ఎంత! వెండి తీసేయమని బిడ్డ ముందే చెప్పింది. "మీ నాయన బతికుండంగ మెట్టెలు తియ్యమంటవా" అని తిట్టి అలాగే దిగింది. పావుగంటలో గంధకం తన పని తాను చేసింది. బయటికొచ్చి చూసుకుంటే మెట్టెలు బొగ్గులు. వెండి, గంధకం, సిల్వర్ సల్ఫైడు అని సమీకరణం చెప్పబోయాను. ఆమె నన్ను చూసిన చూపుకు సమీకరణం దానంతట అదే ఆగిపోయింది. విభూతి సంచీలో లేదు. అర్ధరాత్రి దాకా టూత్‌పేస్టుతో తోమాను.

ఆ రోజు శనివారం. మా ఇంట్లో నీసు ముట్టం. ముందే చెప్పారు గనక చేప ముక్క రాలేదు, చేప వాసన మాత్రం ప్రతి గిన్నెలోనూ వచ్చి పలకరించి పోయింది. చిన్న చిన్న గిన్నెలు పద్నాలుగు. ఒక్కోదానిలో ఒక్క ముక్క, దాని మీద ఒక ఆకు. అన్నం ఎప్పుడొస్తుందా అని చూసి చూసి, ఇదంతా టిఫినేమో అనుకుని సర్దుకుపోతుంటే, అన్నీ అయిపోయాక చివర్న వచ్చింది, పెరుగు లేకుండా. మా ఆవిడ సంచీలోంచి మామిడికాయ తొక్కు సీసా తీసింది. ఆ గదిలో వందేళ్లుగా ఎల్లిపాయ వాసన తగిలి ఉండదు.

తిని గదికి వచ్చేసరికి చాపల మీద పరుపులు పరిచి ఉన్నాయి. మంచాలు లేవు. "గీ చలిల మనల్ని కింద పండవెడుతరా?" అంది మా ఆవిడ. పోయే ప్రాణాన్నే కదా మనం మంచం మీంచి దింపి కింద పడుకోబెడతాం. సాయంత్రం యుకతలో వాళ్ల పద్ధతి జరిగింది, రాత్రికి మన పద్ధతీ జరిగింది. అయినా అంత గాఢంగా నేను పడుకున్నది ఈ మధ్యకాలంలో లేదు.

తెల్లారి యుమొమి చూడ్డానికి పోయాం. కుసాత్సు నీళ్లు కాలేంత వేడి. ఆడవాళ్లు నిలువెత్తు చెక్క పలకలతో పాట పాడుతూ ఆ నీళ్లను తిరగేసి చల్లారుస్తారు. చన్నీళ్లు కలిపితే గుణం పలచబడుతుందని కలపరు. మా ఆవిడ చివరిదాకా చూసి అంది: "రెండు చెంబులు చన్నీళ్లు పోస్తే పోయేదానికి గింత తిప్పలెందుకు?" వేడినీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెత మీద ఇన్నేళ్లు సంసారం నెట్టుకొచ్చిన మనిషికి ఏం జవాబు చెప్పను? నీళ్లను మళ్లీ మళ్లీ వాడకుండా బుగ్గ నుంచి నేరుగా వచ్చి తొట్టి అంచు దాటి పొర్లి పోనివ్వడాన్ని కకెనగాషి అంటారనీ, అదే అన్నిటికంటే మేలు రకమనీ అల్లుడు చెప్పాడు. ఆ మాట నాకు బాగా నచ్చి, చేతి మీద రాసుకున్నాను.

నారాయణఖేడ్ చేరిన మర్నాడే బడి కాలం నాటి థర్మామీటరు వెతికి, మోటరు వేసి, పైపు మూతి దగ్గర పెట్టాను. 28. పక్కింటాయన్ని పిలిచి చూపించాను. ఒన్సెన్ అంటే ఏమిటో, 1948 చట్టం ఏమిటో, మనమెంత అదృష్టవంతులమో అరగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే సార్, గిప్పుడు మీ బోరుకు బిల్లెక్కువొస్తదా?" అన్నాడు.

పరీక్ష కాయితం సొంతంగా రాసి స్నానాల గది గోడకు ఫ్రేము కట్టి పెట్టాను. పీట వేసుకుని కూచున్నాను. వీపు దగ్గర ఎవరూ లేరు. అయినా ఫరవాలేదు, కళ్లు మూసుకుంటే మేపుల్ ఆకులు రాలుతున్నాయి. అప్పుడే మిద్దె మీంచి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు.

"ఏమయ్యా, ట్యాంకు నిండి పొర్లుతున్నది, మోటరు బంద్ జెయ్యవా?"

"అది పొర్లడం కాదే, కకెనగాషి!" అని అరిచాను.

వంటింట్లోంచి జవాబు రాలేదు. మోటరూ ఆగలేదు. కాసేపటికి ఆ ధార కింద రెండు బకెట్లు పెట్టిన చప్పుడు వినిపించింది.