నీటి ట్యాంకు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. నీరు బండి నెక్కి నిలువక పొరలును
తాడు చాలుననుట తప్పు సుమ్ము
బోల్టు నడుగుదాక పోనిచ్చి బిగియింప
బ్రేకు వేయునపుడు భీతి లేదు

సందర్భం: అపార్ట్‌మెంట్లకు వెళ్లి కార్లు కడిగే వ్యాను. డ్రైవరు సీటు వెనకే 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. కొండాపూర్‌లో కుక్క అడ్డొచ్చింది. కుక్క బతికింది. ఆ రాత్రే వ్యాను యజమాని నోట ఈ ఆటవెలది వెలువడింది.

టీకా: నీరు = లీటరుకు కిలో తూగునది; కావున 500 లీటర్లనగా అర టన్ను. బండి నెక్కి = వ్యాను నధిరోహించి (తనంత తానెక్కలేదు, మోటారు పెట్టి ఎక్కించారు). తాడు = నైలాన్‌ది; బట్టలారేయగా మిగిలిన ముక్క అని సంప్రదాయజ్ఞులు. చాలుననుట = ‘ఏం కాదులే అన్నా’ అనుట. సుమ్ము = పాదపూరణం అనుకోరాదు; వినే డ్రైవరు కుర్రాడు ఫోన్ చూస్తున్నందున ప్రయోగించారు. అడుగుదాక = వ్యాను రేకు దాటి ఛాసీ దాకా.

తాత్పర్యం: ట్యాంకును కట్టకండి, బిగించండి.

విశేషాలు: ‘నిండుకుండ తొణకదు కదా, నిండా పట్టుకుపోతే సరి’ అని పూర్వపక్షం. సగం ట్యాంకే ఎక్కువ అల్లరి చేస్తుందన్నది నిజమే. అందుకే పెద్ద ట్యాంకర్ల కడుపులో చిల్లులున్న అడ్డుపలకలు పెడతారు. కాని సామెతలోని కుండ చంకన ఉంది, గంటకు 50 కిలోమీటర్ల మీద పోవడం లేదు. ఆ వేగంలో బండి దేన్నో గుద్ది అర మీటరులో ఆగిందంటే, అర టన్ను నీరు సుమారు 10 టన్నుల బరువై ముందుకు తోస్తుంది. మధ్యలో ఉన్నది డ్రైవరు వీపు. పైగా ఉదయం నిండుగా బయల్దేరిన ట్యాంకు నాలుగు కార్లు కడిగేసరికి పొట్ట తగ్గుతుంది, పొద్దున బిగిసిన తాడు వేలాడుతుంది. ఒరుసుకున్న చోట పోగులు లేచి ఉంటాయి. కర్త అవి వేలితో తడిమి చూశాకే రెండో పాదం రాశాడు.

మూడో పాదానికి ‘మేకు నడుగుదాక మేలుగా బిగియింప’ అని వడ్రంగుల పాఠాంతరం ఉంది. ఛందస్సు చెడదు, బండి చెడుతుంది. బోల్టయినా పల్చటి రేకుకు ఉత్త వాషరుతో బిగిస్తే గుద్దుడికి రేకును చింపుకుని వచ్చేస్తుంది. కింద అరచేయంత ఇనుప పలక ఉండాలి. బోల్టు దిగాల్సింది ప్లాస్టిక్‌లోకి కాదు, ట్యాంకు చుట్టూ వెల్డింగు చేయించిన యాంగిల్ ఫ్రేములోకి. షాపువాడు బోల్టులు కిలో లెక్కన తూచి ఇస్తాడు. తల మీద బలం తెలిపే 8.8 అన్న అంకె ఉందో లేదో మనమే చూసుకోవాలి.

‘భీతి లేదు’ అన్నచోట కర్తకూ కుర్రాడికీ ఏకాభిప్రాయం లేదు. ఫ్రేము వేయించి నెలైంది. వాడు ఇప్పటికీ స్పీడ్ బ్రేకరు కనపడగానే వెనక్కి తిరిగి చూస్తాడు.