కొన్నది రాదు, ఊరికే వచ్చింది పోదు

ఈ-రీడర్ కొంటే గ్రంథాలయం మొత్తం మీదేనని ప్రకటనలు ఊదరగొడతాయి. మీదే, కాకపోతే తెర పగలనంతవరకు.

సాయంత్రం రద్దీలో దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కారనుకుందాం. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్‌లో దిగేలోపు ఎవరి మోచేయో తగిలి మీ ఈ-రీడర్, అదే అమెజాన్ వారి కిండిల్, తెర చిట్లింది. పోయింది తెరే. లోపల మీరు కొని పెట్టుకున్న నిఘంటువులు నిక్షేపంగా ఉన్నాయి. కొత్తది కొని, కేబుల్ పెట్టి ఫోల్డర్ కాపీ కొట్టేస్తే సరి అని సలహా ఇచ్చే మేధావి ప్రతి కోచింగ్ హాస్టల్లోనూ ఒకడుంటాడు. కాపీ అవుతుంది కూడా. తెరుచుకోదంతే. డబ్బు పెట్టి కొన్న నిఘంటువు ఏ యంత్రంలోకి దిగిందో ఆ యంత్రానికే పతివ్రత. పాస్‌కోడ్ పెట్టుకున్న జాగ్రత్తపరుల గతి ఇంకా ఘనం. కోడ్ కొడితేగాని లోపలి ఫైళ్లు కంప్యూటర్‌కు కనపడవు, కొడదామంటే తెర లేదు.

ఖాతాలోంచి మళ్లీ దింపుకోవచ్చు కదా అంటారు. దింపుకోవచ్చు, అయ్యవారి దయ ఉన్నన్నాళ్లు. 2009 జూలైలో అమెజాన్ డబ్బు వాపసిచ్చి మరీ పాఠకుల కిండిళ్లలోంచి ఒక పుస్తకాన్ని మాయం చేసింది. ఏ పుస్తకమనుకున్నారు? సర్కారు పాత రాతల్ని మాయం చేసే కథ, ఆర్వెల్ రాసిన ‘1984’! వ్యంగ్యం రాసుకు బతికేవాళ్ల నోటికాడి కూడు లాక్కోవడమంటే ఇదే. 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న పుస్తకాన్ని వెబ్‌సైటులోంచి కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలు కూడా ఎత్తేసింది. మనం మాత్రం అద్దెకొంపలో గృహప్రవేశం చేసి పాలు పొంగించుకుంటున్నాం.

ఇంతకీ ఈ ఏడుపంతా ఇంగ్లీషు నిఘంటువు కోసం. తెలుగు సంగతా? 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటు దక్కింది. 2011 జనగణనలో మలయాళీలు మూడున్నర కోట్లు, తెలుగువాళ్లు 8 కోట్ల పైచిలుకు. లెక్కలు రాక వదిలేశారనుకోవాలా? అడిగే తీరిక మనకూ లేదు లెండి, భాషాభిమానులందరూ శాలువాలు కప్పే పనిలో ఉంటిరి.

అలా వదిలేయడం వల్ల ఒక మేలు జరిగింది. మనవైన పాత నిఘంటువులకు తాళం వేసే నాథుడు లేడు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. హక్కుల గడువు ఎప్పుడో తీరింది. ఓపికున్నవాళ్లు వాటిని స్టార్‌డిక్ట్ అనే తాళంలేని నిఘంటువు ఫైళ్ల రూపంలోకి మార్చిపెడితే చాలు, మూడు నాలుగు ఫైళ్లు. ఆ రూపం చదవగల యంత్రం ఏదైనా సరే, పగిలినదాంట్లోంచి కొత్తదాంట్లో వేసుకుంటే మారుమాట్లాడకుండా తెరుచుకుంటాయి. సీరియల్ నంబర్ అడగవు, ఖాతా తెరవమనవు. వీటినే కాలం చెల్లిన సరుకంటారు మన అమ్మకందార్లు.