ఒక్క పన్ను తేడా

నేను 1994 మోడల్ మారుతి 800ని. మా వంశంలో మొదటి బండి తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా యజమానికి అందాయి. 2014 జనవరితో మా పుట్టుకే ఆగిపోయింది. నా ఇంజిను 796 సీసీ, సిలిండర్లు మూడే, బలం నలభై గుర్రాల లోపు. అయినా ఐదుగురు మనుషులు, ఒక పులిహోర డబ్బా, పైన క్యారియర్ మీద రెండు పెట్టెలు... ఎప్పుడూ కాదనలేదు. అందుకే మనవడి పుట్టువెంట్రుకల ప్రయాణంలో నా పరువు పోయిన సంగతి ఇన్నేళ్ళయినా మర్చిపోలేను.

మా యజమాని విజయవాడలో లెక్కల మాస్టారు. తిరుమల బయల్దేరే ముందు టైమింగ్ బెల్టు మార్పించారు. పాతది దారిలో తెగితే పసివాడితో ఘాట్ రోడ్డు మధ్యలో నిలబడాలని భయం. ఆలోచన మంచిదే. షెడ్డు పేరు మాత్రం చెప్పను. పాపం, ఆ కుర్రాడికి ఈపాటికి పెళ్ళీడు పిల్లలుంటారు.

కింద క్రాంకు, పైన క్యామ్. రెంటినీ కట్టిపడేసేది ఆ పళ్ళ బెల్టు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరిగి, వాల్వులను వేళకి తెరిచి, వేళకి మూస్తుంది. రెండు పుల్లీల మీదా గుర్తులుంటాయి. బెల్టు ఎక్కించి, టెన్షనర్ బిగువు చూసి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ వాటి చోటికే వచ్చాయా అని చూడాలి. కుర్రాడు గుర్తులు కలిపాడు, బెల్టు వేశాడు, బోల్టు బిగించాడు. ఇంతలో టీ వచ్చింది. చేత్తో తిప్పి చూడటం టీలో కలిసిపోయింది. బెల్టులో మిగిలిన వదులు వల్ల పై పుల్లీ ఒక్క పన్ను వెనకబడింది. నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

స్టార్ట్ చేస్తే అదోలా కొట్టుకున్నాను. వాడు డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, చప్పుడు నునుపయ్యేదాకా తిప్పి బిగించేశాడు. "సౌండ్ వినండి మాస్టారూ, కుట్టుమిషనే!" అన్నాడు.

ఒంగోలు, నెల్లూరు దాకా చదును రోడ్డు కాబట్టి నా గుట్టు దాగింది. అలిపిరి దాటాక బయటపడింది. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, ఎక్కడానికి రెండోది. నాలుగు వంపులు తిరక్కుండానే మూడో గేరు వదిలేశాను. రెండులో మూలిగాను. ఒకచోట ఫస్టు గేరులో, మెట్లెక్కే ముసలమ్మలా. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మీద హారన్.

"ఏవండీ, ఏసీ ఆపండి."

"ఎప్పుడో ఆపేశానే!"

తిరిగొచ్చాక తలో మాట. పెట్రోల్లో కల్తీ అన్నాడు పక్కింటాయన. ఒకరు కార్బురేటర్ కడిగారు, ఒకరు ప్లగ్గులు మార్చారు, ఇంకొకరు ఎయిర్ ఫిల్టర్. మాస్టారి జేబు తేలికైంది కానీ నాకు పుల్లింగ్ రాలేదు. బెల్టు వైపు ఎవరూ చూడలేదు. కొత్తది కదా, దానికేం జబ్బు అనుకున్నారు.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి చేరాను. ఆయన బానెట్ ఎత్తలేదు.

"ఎప్పట్నుంచి మాస్టారూ?"

"బెల్టు మార్చినప్పట్నుంచి."

"ఊఁ" అన్నాడు. న్యూట్రల్‌లో పెట్టి ఒంటిచేత్తో తోశాడు, దొర్లాను. బ్రేకులు పట్టెయ్యలేదన్న మాట. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరులో క్లచ్ వదిలాడు, టక్కున ఆగిపోయాను. క్లచ్ జారడం లేదు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరుకీ కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాడు. ముల్లు మూడుసార్లూ ఒకేచోట ఆగింది, మూడుసార్లూ ఉండాల్సిన దానికి కిందే. "రింగులో, వాల్వో పోతే ఏదో ఒకటి దొంగలా విడిగా దొరుకుతుంది. మూడూ కూడబలుక్కుని తగ్గాయంటే తప్పు వీటిది కాదు" అన్నాడు. ఇన్లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటోంది. పీల్చిన గాలిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

తర్వాత డిస్ట్రిబ్యూటర్ మీద వేలు పెట్టాడు. బోల్టు గాడిలో ఈ చివరికంటా జరిగి ఉంది. "ఇదిగో! క్యామ్ వెనకబడితే దీని నిప్పూ వెనకబడుతుంది. ఆ తప్పుని కప్పెట్టడానికి దీన్ని ముందుకి తిప్పారు." అందుకే టైమింగ్ లైటు పెట్టినవాళ్ళకి కూడా అంతా సరిగ్గానే కనిపించింది.

కవరు విప్పి, స్పానరుతో నన్ను మెల్లగా తిప్పాడు. కింది గుర్తు చోటుకొచ్చింది. పైది ఒక్క పన్ను వెనక. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, వంగి, పళ్ళు రెండుసార్లు లెక్కపెట్టారు. లెక్కల మనిషి కదా.

అరపూట పని. డిస్ట్రిబ్యూటర్ గాడి మధ్యకి వచ్చింది. ఆ సాయంత్రం ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీదికి తీసుకెళ్ళారు. రెండో గేరులోనే పైదాకా ఎక్కేశాను.

పెద్దాయన సర్దుబాటు చేశాక రెండు పుల్లీల మీదా వేలికొసతో పెట్టిన తెల్లరంగు చుక్కలు కవరు లోపల ఇప్పటికీ ఉన్నాయి.