వంతెన లేచే వేళ

సియాటిల్‌లో ఫ్రీమాంట్ వంతెన నీటికి ముప్పై అడుగుల ఎత్తున ఉంటుంది. మా తోడల్లుడు కొన్న పాత పడవకి తెరచాప కొయ్య నలభై అడుగులు. కొనేముందు ఈ తీసివేత ఎవరూ చెయ్యలేదు. చేసినా కొనేవాడే, ఎందుకంటే ఆ వంతెన అడిగితే లేస్తుంది. 1917 నుంచీ దానిదదే ఉద్యోగం. రోజుకి సగటున ముప్పై అయిదుసార్లు లేచి పడుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాకు దాన్ని చూస్తే అసూయ.

అడిగే పద్ధతి ఒకటుంది. హారన్‌తో ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత. గురువు, లఘువు. మా తెలుగు మాస్టారైతే హగణం అనేవారు. పైగదిలో కూర్చున్న వంతెన ఉద్యోగికి సమ్మతమైతే తిరిగి హగణమే వినిపిస్తాడు. ఇప్పుడు కుదరదంటే అయిదు పొట్టి కూతలు. వరసగా అయిదు లఘువులు వినిపిస్తే ఆగిపోవాల్సిందే.

ఇక వేళలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6 వర్జ్యం. ఆఫీసుల కార్లు పోవాలి కదా! వెయ్యి టన్నులు దాటిన ఓడకి మాత్రం ఈ వర్జ్యం వర్తించదు. పెద్దవాళ్లకి పట్టింపులుండవని అక్కడా రుజువైంది. రాత్రి 11 దాటితే గంట ముందు చెప్పుకోవాలి. ఫెడరల్ సెలవు రోజుల్లో వర్జ్యం ఎత్తేస్తారు, ఒక్క కొలంబస్ డే తప్ప. ఇండియా వెతుక్కుంటూ ఓడెక్కిన మనిషి పేర వచ్చే సెలవునాడే పడవలకి సెలవు లేదు. ఈ నిబంధన రాసిన గుమస్తాకి నా నమస్కారం.

ఆ శనివారం వర్జ్యం గొడవ లేదు. ఆడవాళ్లు పడవ ఎక్కబోమన్నారు. పులిహోర డబ్బా పట్టుకుని కారులో బల్లార్డ్ లాకుల దగ్గరి పార్కుకి వస్తామన్నారు. మేమిద్దరం లేక్ యూనియన్ నుంచి బయల్దేరాం.

వంతెన ముందు ఆగడం అనే మాట తేలిక, పని కాదు. పడవకి బ్రేకులుండవు. గాలి వెనకనుంచి నెడుతుంది, కాలవ ఇరుకు, ఎదురుగా ఇనుము. ఉద్యోగి మరో రెండు పడవలు వస్తే కలిపి పంపుదామని చూస్తాడు. అందాకా గుండ్రంగా తిరగడమే. పక్కనుంచి కయాక్‌లో ఒక కుర్రాడు తలైనా వంచకుండా వంతెన కిందనుంచి దూరిపోయాడు. కొయ్య లేనివాడికి కష్టమే లేదు.

"అన్నయ్యగారూ, నీటి మీద మనకే హక్కు" అన్నాడు తోడల్లుడు. కాదనను. 1997లో లండన్ టవర్ బ్రిడ్జి ఒక బార్జి కోసం లేస్తే క్లింటన్ కాన్వాయ్ రెండు ముక్కలైంది. ఆ బార్జి ముందుగా టైము రాయించుకుంది. అక్కడ ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి, డబ్బు తీసుకోరు. ప్రెసిడెంటు మాత్రం భోజనం ముగించుకుని తన తీరికన వచ్చాడు.

చివరికి హగణానికి హగణం వచ్చింది. గంటలు మోగాయి, గేట్లు దిగాయి, సైకిళ్లు ఆగాయి, రోడ్డు రెండుగా చీలి ఆకాశానికి లేచింది. తోడల్లుడు చక్రవర్తిలా చుక్కాని పట్టుకున్నాడు. గేటు దగ్గర మొదటి కారు మా ఆవిడది. మమ్మల్ని గుర్తుపట్టి హారన్ కొట్టింది: ఒక పొడుగు, ఒక పొట్టి. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, వదినగారని చూడకుండా మావాడు అయిదు పొట్టి కూతలు కూశాడు.

పులిహోర మాకు సాయంత్రం దాకా అందలేదు.