గిల్లి జోలపాడే కంపెనీలు

హైటెక్ సిటీలో ఇప్పుడు ప్రశాంతతకూ హాజరుపట్టీ ఉంది. బుధవారం లంచ్ వేళ ఆరో అంతస్తులో 'మైండ్‌ఫుల్‌నెస్ సెషన్'. రావడం తప్పనిసరి కాదని మెయిల్లో ఉంటుంది. రానివాళ్ల జాబితా మేనేజర్లకు వెళ్తుందని కూడా అందులోనే ఉంటుంది. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, టిఫిన్ బాక్సు మూత తియ్యకుండానే మనవాడు లోపలికెళ్లి చతికిలబడతాడు.

"కళ్లు మూసుకోండి. శ్వాస మీద ధ్యాస పెట్టండి. ఆలోచనలు వస్తుంటాయి, పోతుంటాయి, పట్టించుకోకండి" అంటాడు ట్రైనరు. ఇంతలో ఒళ్లో ఫోను బుర్రుమంటుంది. "రెండు నిమిషాలు కాల్ మాట్లాడదామా?" ఐటీ కంపెనీల్లో రెండు నిమిషాల్లో ముగిసిన కాల్‌ని ఎవరైనా చూశారేమో తెలీదు. పంపినదెవరయ్యా అంటే, అందరూ సెషన్‌కి రండి అని మెయిల్ పెట్టిన మేనేజరే! చివర్లో ఒక ఫారం. మీ ప్రశాంతతకు ఐదుకి ఎన్ని మార్కులు? నాలుగు కంటే తగ్గితే కారణం రాయాలి. అందుకే ఆ హాల్లో అందరూ ఐదుకి ఐదు ప్రశాంతంగా ఉంటారు.

తొట్టెలో బిడ్డని గిల్లి జోలపాడేవాళ్లు మనకి కొత్తేం కాదు. గిల్లితే ఏడ్చినందుకు బిడ్డనే తప్పుపట్టడం మాత్రం కొత్త. నిద్ర పట్టకపోవడానికి అర్ధరాత్రి అమెరికా క్లయింటుతో కాల్ కారణం కాదట, నీలో 'రెసిలియెన్స్' చాలదట. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరికల్లా ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు పాటని 90కి పెంచి, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. 90 గంటలు పుచ్చుకుని పది నిమిషాల ధ్యానం చేతిలో పెట్టడం, వడ్డీ వ్యాపారి కూడా సిగ్గుపడే లెక్క.

అసలీ మైండ్‌ఫుల్‌నెస్ కోర్సుల మూలం చూడండి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, మందులకి లొంగని మొండినొప్పులతో బాధపడే రోగుల కోసం జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టాడు. నొప్పి పోకపోయినా దానితో బతకడం ఎలాగో నేర్పడానికి. కంపెనీలకి నచ్చదూ మరి!

2021లో అమెజాన్ ఇంకో అడుగు ముందుకేసింది. గోడౌన్‌లో టెలిఫోన్ బూత్‌లాంటి గది ఒకటి కట్టి 'అమాజెన్' అని పేరు పెట్టింది. కార్మికుడు అందులో తలుపేసుకుని, తెర మీద ధ్యానం వీడియో చూసి, మనసు కుదుటపడ్డాక మళ్లీ పనిలోకి. దాని గురించి ట్విటర్‌లో పెట్టిన పోస్టుని జనం ఏకిపారేసేసరికి తీసేశారు. పెట్టెల్లో సరుకు సర్దే మనిషిని తీసుకెళ్లి పెట్టెలో సర్దడం, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకే తట్టే ఆలోచన.

ఇక ఫోన్‌లో యాప్‌లు. పడుకోబోతుంటే టింగుమంటుంది: ఇవాళ ధ్యానం చెయ్యలేదు, మీ స్ట్రీక్ తెగిపోతుంది! ఉలిక్కిపడి లేచి, దడదడలాడే గుండెతో ప్రశాంతంగా కూర్చోవాలి.

ధ్యానంతో నాకు పేచీ లేదు. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద విపశ్యన కేంద్రం 1970ల నుంచీ ఉంది. పది రోజుల కోర్సు, ఆఖరి రోజు దాకా మాట ఉండదు, ఫోను ముందే తీసుకుంటారు, ఫీజు లేదు. పూర్తయ్యాక తోచింది ఇస్తే పుచ్చుకుంటారు. అక్కడికి వెళ్లొస్తాను, పది రోజులు సెలవు కావాలని హెచ్ఆర్‌కి అర్జీ పెట్టి చూడండి. లాప్‌టాప్ వెంట తీసుకెళ్తున్నారు కదా అని అడుగుతారు.